ఇంటింటి ప్రసారకేంద్రము



1933వ సంవత్సరమున బ్రిటిషు ప్రభుత్వము మన దేశమునకు వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టమును చేసినప్పుడు, తీగలు లేకుండ వార్తను పంపునట్టి యంత్రమునే గాక, వచ్చిన వార్తను వినుటకు మాత్రమే పనికివచ్చు రేడియో పెట్టెను సైతము లైసెన్సు లేకుండ ఇంటనుంచుకొనుట నేరమని శాసించెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కూడ కొన్ని దశాబ్దములపాటు, రేడియో గల ప్రతి గృహస్థుడును ఏటేట తపాలా కార్యాలయమునకు పోయి, రుసుము చెల్లించి, చిన్న పుస్తకములో బిళ్లలు అంటించుకొని రావలసియుండెను. ఆ పుస్తకములను చూచిన పెద్దలు ఇప్పుడును తమిళనాట మన ధర్మపురిలో పలువురు గలరు. వినుటకే అంత కట్టడి యుండిన దేశములో, నేడు కేబులాయన ఒక అట్టపెట్టెలో ప్రసారయంత్రమునే తెచ్చి, గోడకు మేకు కొట్టి తగిలించి, పచ్చదీపము వెలిగినదాకా నిలిచి, డబ్బు తీసుకొని పోవుచున్నాడు. దరఖాస్తు లేదు, ముద్ర లేదు, బిళ్ల లేదు. ఇంటివారు దానిని రూటరనియు, వైఫై పెట్టె యనియు పిలుతురు గాని, అది వార్తను గ్రహించుటయే గాక రేయింబవళ్లు ప్రసరించుచును ఉండునను మాట సాధారణముగా ఎవరికిని తట్టదు. క్రొత్త ల్యాప్‌టాపు కొన్నవారు దానితోపాటు ఈ పెట్టెను ఇంట నెలకొల్పు విధమును గూర్చి ఈ రేడియో ప్రసంగములో కొన్ని మాటలు చెప్పదలచితిని.

మన జిల్లాలో హొగెనకల్ బండలపైనుండి దుమికెడి కావేరికి ఎగువన, మైసూరు నగరములో, మహారాజా కళాశాలయందు మనస్తత్త్వశాస్త్రాచార్యులుగా నుండిన ఎం.వి. గోపాలస్వామిగారు 1935లో తమ గృహముననే ఒక స్వల్పశక్తి గల ప్రసారయంత్రమును నిలిపి, ఆకాశవాణి యని దానికి పేరిడి, సంగీతమును ప్రసంగములను వినిపించిరి. మరి ఏడేండ్లకు, క్విట్ ఇండియా దినములలో, బొంబాయియందు ఉషా మెహతాయు ఆమె సహచరులును 42.34 మీటర్ల తరంగముపై కాంగ్రెస్ రేడియోను నడపి, పోలీసుల కంటబడకుండుటకై యంత్రమును ఒక ఇంటినుండి మరియొక ఇంటికి మార్చుచు, తుదకు 1942 నవంబరు 12న పట్టుబడి, కారాగారవాసము ననుభవించిరి. ఒకే జాతి యంత్రము ఒకరి ఇంట విద్యావినోదమై, వేరొకరి ఇంట రాజద్రోహమైనది. ఇంటిలోని ప్రసారయంత్రముపై అధికారమెవరిదను ప్రశ్నకు ఏలినవారు తమకు తోచినట్లు సమాధానము చెప్పుచుండిరి. ఆ ప్రశ్నకు నేటి సమాధానము ఇంటి యజమానిదే యని. అధికారమనగానే సంతోషింపవలదు, అధికారముతో వచ్చు పనులన్నియు కూడ అతనివే.

ఈ మార్పు ఒక్కనాడు వచ్చినది కాదు. విద్యుదయస్కాంత తరంగములలో కొన్ని పౌనఃపున్యములను రేడియో కేంద్రములకును, కొన్నింటిని విమానములకును, కొన్నింటిని సేనలకును, పోలీసులకును పంచియిచ్చిన పిమ్మట, 2,400 మెగాహెర్ట్జులకు పైనున్న యొక చిన్న పట్టీ ఆహారమును వేడిచేయు మైక్రోవేవ్ పొయ్యిలకును, కర్మాగారములలోని తాపనయంత్రములకును, వైద్యపరికరములకును విడువబడెను. 1985లో అమెరికా దేశమున ఆ పట్టీలో ఎవరైనను లైసెన్సు లేకుండ స్వల్పశక్తితో ప్రసారము చేయవచ్చునని అనుమతించిరి. ఆ యనుమతిని ఆధారము చేసికొని శాస్త్రజ్ఞులు 1997లో ఏర్పరచిన మొదటి వైఫై ప్రమాణము సెకనుకు రెండు మెగాబిట్ల వేగముతో మొదలై, రెండేండ్లలో పదునొకండునకు పెరిగి, నేడు వేలలోనికి ప్రాకినది. మన దేశములో 2.4 గిగాహెర్ట్జుల పట్టీకి లైసెన్సు నిబంధనను 2005లో తొలగించిరి. 5 గిగాహెర్ట్జుల పట్టీలో విశాలమైన భాగము 2018లో విడుదలైనది. షరతులు లేకపోలేదు. మొదటి పట్టీలో యంత్రపు శక్తి ఒక వాటును, ఏంటెన్నాతో కలిసిన ఫలితశక్తి నాలుగు వాట్లను మించరాదు. మన ప్రసారము లైసెన్సు గలవారికి అంతరాయము కలిగింపరాదు. ఇతరులవలన మనకు అంతరాయము కలిగినచో, ఫిర్యాదు చేయుటకు మనకు హక్కు లేదు. ఈ చివరి షరతును చదివినప్పుడెల్ల, దీనిని వ్రాసిన ఉద్యోగి ఎప్పుడో ఒకప్పుడు గోడలు కలిసిన ఇండ్ల వరుసలో కాపురముండినవాడై యుండునని నాకు తోచుచుండును.

ఇక పెట్టెను ఎక్కడ పెట్టవలెనను సంగతి. రేడియో కేంద్రమును స్థాపించునప్పుడు ఇంజనీర్లు స్తంభము నాటవలసిన చోటును గూర్చి ఎంతయో ఆలోచింతురు. మన ఇండ్లలో తీగ ఏ కిటికీనుండి లోపలికి వచ్చినదో ఆ కిటికీ ప్రక్కనే పెట్టె వ్రేలాడును. తీగను దాచుటకు టెలివిజను వెనుకకు త్రోయువారు కొందరు, దుమ్ము పడకుండ ఇనుప బీరువాలో పెట్టి తలుపు మూయువారు కొందరు, దానిమీద అల్లికగుడ్డ కప్పువారు కొందరు. గుడ్డవలన తరంగమునకు హాని లేదు గాని, పెట్టె లోపలి వేడి బయటికి పోక దాని ఆయుర్దాయము తగ్గును. ఇనుప బీరువా సంగతి వేరు. లోహము తరంగమును త్రిప్పికొట్టును. బీరువాలో మూసిన రూటరు బీరువాలోని పట్టుచీరలకు మాత్రమే ఇంటర్నెట్టు నందించును.

విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమైనది. దాని మధ్యతరంగము 837 కిలోహెర్ట్జులది, అనగా ఇంచుమించు 358 మీటర్ల పొడవు గలది. అంత పొడవైన తరంగమునకు ఇల్లు అడ్డు కాదు, చిన్న కొండ అడ్డు కాదు. భూమి వంపు ననుసరించి పోగలదు, రాత్రివేళ పై వాతావరణమునుండి ప్రతిఫలించి ఇంకను దూరమునకు చేరగలదు. కావుననే మధ్యతరంగముల కాలములో స్వస్థలమునకు దూరముగా స్థిరపడిన తెలుగువారు చీకటిపడిన తరువాత రేడియో మీటను మెల్లమెల్లగా త్రిప్పుచు, బరబరల మధ్య తమ భాషను వెదకికొనుచుండిరి. రూటరు తరంగము దానికి పూర్తిగా విరుద్ధమైన స్వభావము గలది. 2.4 గిగాహెర్ట్జుల తరంగము పొడవు పన్నెండు సెంటీమీటర్లు, అనగా అర జానెడు. 5 గిగాహెర్ట్జులదైనచో రెండంగుళములకు కొంచెము మించును. తరంగము పొట్టిదగుకొలది అడ్డు వచ్చిన వస్తువును చుట్టుకొని పోవు నేర్పు తగ్గును, గోడలో ఇంకిపోవు గుణము హెచ్చును. అందుచేత 5 గిగాహెర్ట్జుల ప్రసారము ఉన్న గదిలో మిక్కిలి వేగముగా నుండి, రెండవ గోడ దాటునప్పటికి నీరసించును, 2.4 ప్రసారము వేగము తక్కువైనను పెరటిదాకా నడచును. ఈనాటి రూటర్లు రెండింటిని కూడ వెలువరించును. ల్యాప్‌టాపు బల్ల రూటరున్న గదిలోనే యున్నచో మొదటిదానిని, లేనిచో రెండవదానిని ఎన్నుకొనుట మేలు.

ఈ సామాన్యసూత్రము మన ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతములలో మరికొంత కఠినమగును. ఇది నల్లరాతి దేశము. ఇక్కడి గనులనుండి గ్రానైటు ఓడలెక్కి పరదేశములకు పోవుచున్నది; ఇక్కడి పాత ఇండ్లలో గోడలు రాళ్లవి, కొన్నింటికి కప్పులు కూడ రాతిబండలవే. మూరెడు మందము గల రాతిగోడ వేసవిలో ఇంటిని చల్లగా నుంచుట ఎంత నిజమో, రూటరు ప్రసారమును ఒకే గదిలో బంధించుట కూడ అంత నిజము. క్రొత్త ఇండ్లలో రాతికి బదులుగా కాంక్రీటును, దానిలో ఇనుపకడ్డీల అల్లికయు గలవు. అవియు తరంగమునకు మిత్రములు కావు. నీరు ఈ తరంగమును బాగుగా పీల్చుకొనును గావున, రూటరునకును ల్యాప్‌టాపునకును నడుమ నీటితొట్టి ఉండరాదు. వెనుక రసము పూసిన నిలువుటద్దమును లోహమువలెనే ఎంచవలెను. ఇన్ని చెప్పినమీదట మిగిలెడి చోటు ఒక్కటే: ఇంటి నడుమ, అన్ని గదుల తలుపులు తెరచుకొను హాలులో, నిలుచున్న మనిషి భుజముల యెత్తున, ఏదియు కప్పకుండ. నిలువుగా నిలిపిన ఏంటెన్నా తన తరంగమును ప్రక్కలకు పరపును గాని తన కొనమీదుగా పైకి అంతగా పంపదు. మిద్దెమీద గది యున్నవారు ఏంటెన్నాలలో నొకదానిని అడ్డముగా వంచినచో పైగదికి కొంత మేలు కలుగును.

తీగ కిటికీ దగ్గరనే ఆగినది, పెట్టెను హాలు మధ్యకు తెచ్చుట యెట్లని మీరడుగవచ్చును. వచ్చు తీగ ఫైబరైనచో దాని నడుమనున్నది గాజుపోగు. ఆ పోగు మందము మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు మాత్రమే, అందులోను వెలుగు నడచు నడిమి భాగము మరింత సన్ననిది. దానిని మనము లాగరాదు, మూలలవద్ద మడువరాదు; మడిచినచోట వెలుగు బయటికి జారిపోవును. కేబులాయన బిగించిన చిన్న పెట్టెను, అనగా గాజుపోగులో వచ్చిన వెలుగును విద్యుత్సంకేతముగా మార్చు పెట్టెను, కిటికీ దగ్గరనే ఉండనిచ్చి, అచ్చటినుండి హాలులోని రూటరుదాకా ల్యాన్ కేబుల్ అను సాధారణమైన తీగను గోడవెంట తీసికొనిపోవలెను. ఆ తీగ నూరు మీటర్లవరకు నిక్షేపముగా పనిచేయును. రెండు పనులును ఒకే పెట్టె చేయుచున్నచో, హాలులో మరియొక రూటరును అదే తీగతో కలుపుకొనవచ్చును. దీనికగు వ్యయము స్వల్పము. వేగము చాలదని నెలనెల పెద్ద ప్లానుకు మారుచున్న కుటుంబములలో చాలవరకు, కొరత ప్లానులో గాక గోడలోనే యున్నదని నా యభిప్రాయము.

ల్యాప్‌టాపు ముందా, రూటరు ముందా యను సందేహమునకు నా సమాధానము రూటరే ముందని. విండోస్ 11 గల క్రొత్త ల్యాప్‌టాపును మొదటిసారి తెరచినప్పుడు అది మీ దేశమును, కీబోర్డును అడిగిన వెంటనే ఇంటర్నెట్టు కావలెనని కోరును. సామాన్యముగా ఆ కోరిక తీర్చనిదే ముందునకు సాగనీయదు. వెనుకటి ల్యాప్‌టాపులకు ప్రక్కన ల్యాన్ కేబుల్ గ్రుచ్చు రంధ్రముండెడిది. నేటి పలుచని వానిలో పెక్కింటికి అది లేదు. కాబట్టి ముందుగా రూటరు సిద్ధముగా నుండవలెను. సెల్‌ఫోనుతోనే ఆ పని చేయవచ్చును. రూటరు అడుగున అంటించిన చీటీలో దాని వైఫై పేరును, తాళపుమాటయు, దానిని దిద్దుటకు బ్రౌజరులో వ్రాయవలసిన సంఖ్యయు అచ్చువేసియుందురు. ఆ సంఖ్య చాలవరకు 192.168.1.1 గాని 192.168.0.1 గాని యైయుండును.

ఊరిలో ఇన్నివేల ఇండ్లలో ఇదే సంఖ్య యున్నచో ఒకరి ఉత్తరము మరొకరికి చేరదా యని బుద్ధిమంతులైన పిల్లలు అడుగుదురు. ఇది ముద్దుపేరు వంటిది. ఒకే వీథిలో పది ఇండ్లలో పదిమంది బుజ్జిలుందురు. ఇంటిలోపల తల్లి బుజ్జీ యని పిలిచినప్పుడు పలుకవలసినవాడొక్కడే, వీథిలోని వ్యవహారమునకు, బడిలోని పట్టికకు వేరు పేరు గలదు. ఇంటర్నెట్టులో మొదట ఏర్పరచిన పద్ధతి ప్రకారము సాధ్యమగు చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. అవి చాలవని గ్రహించి, కొన్ని సంఖ్యలను ఇంటిలోపలి వాడుకకై వేరుచేసి, వాని నెవరైనను ఎన్ని ఇండ్లలోనైనను వాడుకొనవచ్చునని 1996లో నిర్ణయించిరి. ల్యాప్‌టాపు క్రొత్తగా ఇంటికి రాగానే రూటరు దానికి ఇట్టి సంఖ్య నొకదానిని కొంత గడువునకు కేటాయించును. బయటికి పోవు ప్రతి యభ్యర్థనమీదను ఇంటిపేరు వంటి బహిరంగసంఖ్యను వ్రాసి పంపి, తిరిగివచ్చిన సమాధానము ఎవరిదో జ్ఞాపకముంచుకొని వారికి అప్పగించును. దీనికై మనము చేయవలసినది ఏమియు లేదు. సరఫరాదారు వేరుగా పేరును, పాస్‌వర్డును ఇచ్చియున్నచో వానిని రూటరు పుటలో ఒకసారి వ్రాయవలెను; అంతమాత్రమే.

తాళము సంగతి అట్లు కాదు. 2008 జూలై 26న అహమ్మదాబాదులో వరుసగా బాంబులు ప్రేలుటకు కొద్ది నిమిషముల పూర్వము వార్తాసంస్థలకు ఒక బెదిరింపు ఈమెయిలు వచ్చెను. దానిని పంపిన చిరునామాను వెదకుకొనుచు పోలీసులు నవీ ముంబయిలోని ఒక ఇంటి తలుపు తట్టిరి. ఆ ఇంటనున్నవారికిని ఆ యుత్తరమునకును ఏ సంబంధమును లేదు. వారి వైఫైకి తాళము లేకపోవుటచే, పరాయివారెవరో దాని ప్రసారము అందెడు చోట నిలిచి దానిని వాడుకొనిరి. బయటి ప్రపంచమునకు కనబడునది ఇంటిపేరేగాని బుజ్జి కాదు గదా. ఆ దురంతము తరువాత 2009లో టెలికాం శాఖవారు వైఫైలకు తాళము ఉండవలెనని సరఫరాదారులను హెచ్చరించిరి. లైసెన్సు తీసివేసినంతమాత్రమున బాధ్యత తీరిపోలేదనుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము నాకు కనబడదు.

తాళములు రెండు గలవు, మనవారు ఒకదానినే ఎరుగుదురు. ఒకటి వైఫైలో చేరుటకు కావలసిన తాళపుమాట. రెండవది రూటరును దిద్దుపుటలో ప్రవేశించుటకు కావలసినది. ఈ రెండవదానిని కర్మాగారమువారు అందరికిని తెలిసిన ఒకే మాటగా నుంచి పంపుటయు, కొన్నవారు దానిని మార్చకుండుటయు చాలకాలము ఆచారమైనది. 2016లో మిరాయి యను దుష్టప్రోగ్రాము, అరువదికి పైగా నున్న అట్టి సాధారణపు పేర్ల, మాటల జంటలను ఒకదానివెంట నొకటి ప్రయోగించి, లోకమందలి లక్షలకొలది కెమేరాలను, రూటర్లను వశము చేసికొనెను. ఆ సైన్యముతో అక్టోబరు 21న జరిపిన దాడివలన అమెరికాలో సుప్రసిద్ధమైన వెబ్‌సైట్లు గంటలతరబడి అందకపోయెను. ఆ సైన్యములోని ప్రతి యంత్రమును ఎవరో యొక సాధువైన గృహస్థుని గోడమీదనే యుండినది; అతడు ఎప్పటివలె సీరియలు చూచుచునే యుండెను. కనుక మొదటి దినముననే ఆ మాటను మార్చవలెను, రూటరుకు క్రొత్త సాఫ్ట్‌వేరు వచ్చినదా యని అదే పుటలో చూచి అందుకొనవలెను.

వైఫై తాళపుమాట ఎనిమిది అక్షరములకు తక్కువ కారాదు, అరువదిమూడింటికి మించరాదు. ఇంత అవకాశముండగా మనవారు ఎనిమిదితోనే తృప్తిపడి, ఒకటినుండి ఎనిమిదివరకు అంకెలను వరుసగా వ్రాయుదురు; లేదా కేబులాయన ఇంటి యజమాని ఫోను నంబరునే వ్రాసిపోవును, ఆ నంబరు గుమ్మముమీది బోర్డుపై నుండును. నా సలహా యేమనగా, ఒకదానితో నొకటికి పొత్తులేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు లిపిలో కూర్చుడు. సీతాకోక, ఉప్పుచేప, పంచాంగము, రోలు: ఇట్టివి. అమ్మమ్మ నోటికి వచ్చును, యంత్రపు ఊహకు తేలికగా అందదు. నేను చెప్పినవానినే వ్రాసికొనవలదు. రేడియోలో వినబడిన మాట తాళమునకు పనికిరాదు. ఒక చిక్కు మాత్రము కలదు. మన ఇండ్లలో తాతగారు ఒక తీరున, పైచదువులు చదివిన మనుమరాలు వేరొక తీరున ఇంగ్లీషులో తెలుగును వ్రాయుదురు గావున, దీర్ఘములకు, ఒత్తులకు ఏ వర్ణక్రమమో ఇంటిల్లిపాది ముందుగానే ఒక యొడంబడికకు రావలెను. భద్రతావిధానమను చోట డబ్ల్యూపీఏ2 గాని, 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 గాని ఎన్నుకొనుడు. డబ్ల్యూఈపీ యను పాతది 2001లోనే ఛేదింపబడినది. వైఫైకి పెట్టుకొను పేరులో ఇంటి నంబరును, కులమును, యజమాని పేరును చాటవలసిన యవసరము లేదు. ఆ పేరు వీథిలో పోవు ప్రతి ఫోనులోను కనబడును.

పండుగకు హోసూరునుండియు, కుప్పమునుండియు చుట్టములు వచ్చినప్పుడు, చెప్పులు విడిచిన వెంటనే వైఫై పాస్‌వర్డు అడుగుట నేటి మర్యాదలలో చేరినది. ఈయకున్న లోభి యందురు. ఇచ్చినచో ఆ మాట రెండు జిల్లాలకు ప్రాకును. ఇందుకే రూటర్లలో అతిథులకు వేరొక పేరుతో, వేరొక తాళముతో ప్రసారము చేయు సదుపాయముంచిరి. దానిలో చేరినవారికి ఇంటర్నెట్టు అందును గాని, ఇంటిలోని ల్యాప్‌టాపు, ప్రింటరు, కెమేరా అందవు. పండుగ వెళ్లిన మరునాడు దాని తాళమును మార్చినను చుట్టరికమునకు భంగము రాదు.

పట్టీలో రూటరు వాడుకొను భాగమగు ఛానలును గూర్చి ఎక్కువ చెప్పను. 2.4 పట్టీలో మన దేశమున పదుమూడు ఛానళ్లు గలవు, కాని అవి ఒకదానిపై నొకటి ఒరిగియుండును. పరస్పరము తగులకుండ వాడుకొనదగినవి ఒకటి, ఆరు, పదునొకండు మాత్రమే. ప్రక్క ఇండ్లవారందరు ఆరవదానిలో నున్నచో మీరు ఒకటవదానికి మారుడు. మైక్రోవేవ్ పొయ్యి వెలిగినంతసేపు ప్రసారము తడబడినచో రూటరు చెడిపోయినదనుకొనవలదు. రెండును ఇంచుమించు ఒకే పౌనఃపున్యముపై పనిచేయును.

మామిడికాయలు ముదిరెడు కాలములో మన ప్రాంతమున సాయంకాలపు ఉరుములు మెండు. గాజుపోగువెంట పిడుగుపాటు ప్రవాహము రాదు. రాగితీగవెంటను, కరెంటు ప్లగ్గువెంటను వచ్చును. మేఘము గర్జింపగానే ప్లగ్గు తీయుట అన్ని సలహాలకంటె చౌకయైనది. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాపు తన బ్యాటరీతో నడచుచునే యుండును గాని రూటరు ఆగిపోవును. చిన్న రూటరు యూపీయస్సులు అంగళ్లలో దొరకుచున్నవి. రూటరునకు మాత్రమే కొని, ఫైబరు పెట్టెకు మరచినచో ఫలితము లేదు.

తమిళనాడు ప్రభుత్వము 2011లో ప్రభుత్వ, ఎయిడెడు విద్యాలయముల విద్యార్థులకు ఉచితముగా ల్యాప్‌టాపు లిచ్చు పథకమును ఆరంభించిన తరువాత, అంతకుముందు కంప్యూటరు ముఖమెరుగని ఎన్నియో పల్లెటియిండ్లలోనికి అవి ప్రవేశించినవి. ల్యాప్‌టాపు వచ్చెను గాని దానికి కావలసిన దారము రాలేదు. పిల్లలు బడి అరుగులమీదను, ఫోను సిగ్నలు అందెడు చెట్లక్రిందను దానిని తెరచుకొని కూర్చుండెడివారు. రాష్ట్రములోని 12,525 గ్రామ పంచాయతీలకును ఫైబరు నందింపవలెనను సంకల్పముతో తమిళనాడు ఫైబర్‌నెట్ సంస్థ ఏర్పడినది. వీథికి చేరిన వెలుగును గదికి చేర్చుట మాత్రము ఏ ప్రభుత్వపు పథకములోను లేదు. అది గృహస్థుని వంతు.

తెలుగు మాటలాడు మన కుటుంబములకు ఈ పనిలో మరియొక లాభము గలదని నేను దృఢముగా నమ్ముచున్నాను. మన పిల్లలలో అనేకులకు తెలుగు నోటనున్నది గాని వ్రేళ్లలో లేదు. బడిలో తమిళము, ఇంగ్లీషు నేర్తురు, ఇంట తెలుగు మాటలాడుదురు, తెలుగు అక్షరము కనబడినచో తాతగారివైపు చూతురు. ల్యాప్‌టాపు వైఫైలో చేరిన దినముననే సెట్టింగులలో భాషల పట్టికను తెరచి తెలుగును చేర్చినచో, ఏ ప్రత్యేకమైన సామగ్రియు కొనకుండగనే తెలుగు కీబోర్డు సిద్ధమగును. ఆంధ్రభారతి యను వెబ్‌సైటులో సూర్యరాయాంధ్ర నిఘంటువును వెదకవచ్చును. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియావారు స్కాను చేయించిన వేలకొలది పాత తెలుగు పుస్తకములు ఇంటర్నెట్ ఆర్కైవులో ఉచితముగా దొరకును. విజయవాడనుండియో, తిరుపతినుండియో ఎవరైన వచ్చినప్పుడు ఒక పుస్తకము తెమ్మని వేడుకొనుచుండిన తరమువారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. కాని ఆ పుస్తకములలో కొన్ని పెద్ద ఫైళ్లు; ఇంటి చివరిగదిలో, రెండు రాతిగోడల అవతల, ఒకే గీత సిగ్నలుతో దింపుకొనబోయినచో పిల్లవాడు విసిగి ఆటలోనికి పోవును. నేను గోడలనుగూర్చి అంతసేపు చెప్పుటకు ఇదియు నొక కారణము.

అన్నియు అమర్చిన పిమ్మట, రూటరు పుటలో చేరియున్న పరికరముల జాబితా నొకసారి తెరచి, ఇది నాన్నగారి ఫోను, ఇది టెలివిజను, ఇది క్రొత్త ల్యాప్‌టాపు అని ఒక్కొక్కదానిని గుర్తింపవలెను. ఎవరిదో తెలియని పేరు కనబడినచో తాళమును మార్చినంతనే అది తొలగిపోవును. మీ ఇంటివారిదే యైనచో కొద్ది నిమిషములలో వారే వచ్చి అడుగుదురు. రెండు తాళములను ఒక కాగితముమీద వ్రాసి, ఇంటిపన్ను రసీదులతోపాటు భద్రపరచుడు.

ఇల్లు మారునప్పుడో, సరఫరాదారుని మార్చినప్పుడో, పాత రూటరును తిరిగి ఇచ్చుటకు గాని, అమ్ముటకు గాని ముందు దాని వెనుకనున్న చిన్న రంధ్రములో గుండుసూది దూర్చి, దీపములన్నియు ఒకసారి ఆరి వెలుగునంతవరకు, సుమారు పది సెకనులు, అదిమి పట్టుకొనవలెను. దానితో మీరు వ్రాసిన పేరు, తాళములు, సరఫరాదారు ఇచ్చిన వివరములు అన్నియు చెరిగిపోయి, పెట్టె కర్మాగారమునుండి వచ్చిననాటి స్థితికి చేరును. మీ తరువాత దానిని కొన్నవారు అడుగున అంటించిన చీటీని చూచి మరల మొదటినుండి ఆరంభింతురు. కనుక ఆ చీటీని చింపకుండ ఉంచుడు.